సవరణ: ఆ మాంత్రికుడి కథ మూడు భాగాలు కాదు, ఆరు

గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు మీద చదువుతూ రేవు వచ్చిందీ చూసుకోలేదని ఇదివరకటి పోస్టులో రాశానే, ఉర్సులా లెగ్విన్ రాసిన ఆ ఎర్త్‌సీ నవల (లంకల లోకంలో ఒక మాంత్రికుడి కథ) గురించి చిన్న సవరణ. అందులో మూడు భాగాలని ఉంది. నా దగ్గరున్న పాత సంపుటంలో ఉన్నవి అవే: 1968, 1971, 1972 నాటివి. లెగ్విన్ తర్వాత 1990లో ఒకటి, 2001లో రెండు రాశారు. అన్నీ కొనక్కర్లేదు, మొదటిది దానికదే పూర్తి కథ.

పిల్లల పుస్తకమేగా అన్నారొకరు. పిల్లలకనే రాశారు, నిజమే. కానీ మాంత్రికుడి వల్ల కంటిపొరలు నయమైన ముసలి జాలరి అతనికి తన పడవ ఇచ్చేసి, దాని ముక్కుకి అటూ ఇటూ కళ్లు దిద్దుకోమనే చోటు పెద్దవాళ్లకే ఎక్కువ తగులుతుంది. ఆ లోకంలో మంత్రం ఊరికే రాదు. ఒక లంకలో వాన కురిపిస్తే ఇంకో లంకలో కరువు రావచ్చు. కాలువ చివర శివారు ఆయకట్టు రైతుకి ఇది విడమరచి చెప్పాలా!