జిగురు శాసనాలు

తెలుగులో దొరికిన తొలి శాసనం కడప జిల్లా కలమళ్ళది అంటారు. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ఎరికల్ముత్తురాజు ధనంజయుడు వేయించాడు. రాతి మీద ఉలితో చెక్కించాడు పాపం, ఆయనకు అంతకంటే గట్టి ఉపాయం తోచలేదు. ఎండకూ వానకూ కొన్ని అక్షరాలు చెదిరిపోయి, పండితులు ఇప్పటికీ కళ్లజోడు సర్దుకుంటూ చదువుతున్నారు. అవే మాటలు స్టిక్కర్ మీద అచ్చు వేయించి ఓ కారు అద్దానికి లోపలివైపు అంటించి ఉంటే ఒక్క పొల్లు కూడా పోయేది కాదు. ఇది నేను ఊరికే అంటున్న మాట అనుకోకండి. మూడు ఆదివారాలు, రెండు ప్యాకెట్ల బ్లేడ్లు, ఒక కుడి భుజం ఖర్చుపెట్టి కనిపెట్టిన సంగతి.

పోయిన ఏడాది ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. 2011 మోడల్. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ నంబరుతో పుట్టింది. 2014లో రాష్ట్రం రెండై మనకు టీఎస్ వచ్చింది, 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఈలోగా కారుకు టైర్లు మారాయి, బ్యాటరీలు మారాయి, సీటు కవర్లు మారాయి. అద్దాల లోపలి జిగురు మాత్రం ఎవరి పాలననూ లెక్కచేయకుండా ఉన్నచోటే ఉంది. "ఇద్దరే ఓనర్లు సార్, చూసుకోండి" అన్నాడు అమ్మినాయన. ఆర్‌సీ కూడా అదే అంది. అద్దం మీద మాత్రం కనీసం నలుగురు కనిపించారు.

పురావస్తు శాఖవారిలా పై పొర నుంచి కిందికి తవ్వుకుంటూ పోయాను. ముందద్దం నడుమ, వెనక బండ్లను చూసుకునే చిన్నద్దం వెనకాల, రెండు పాత ఫాస్టాగుల శవాలు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి టోల్‌గేట్లలో అన్ని లేన్లకూ అది తప్పనిసరి చేశారు కదా, ఆ కాలానివి. ఫాస్టాగును ఒక బండి నుంచి పీకి ఇంకో బండికి అంటించకుండా, పీకితే చినిగిపోయేలా తయారుచేస్తారు. చినగడం వరకు బాగానే చినిగింది. సగం నా గోటికి వచ్చింది, సగం అద్దానికే ఉండిపోయింది. దాని కింద ఎడమ మూలన ఏదో అపార్ట్‌మెంట్ పార్కింగ్ స్టిక్కర్లు, ఒకదాని మీద ఒకటి, చెట్టు మొదలు కోస్తే కనబడే వలయాల్లాగా. లెక్కపెడితే అయిదేళ్ల మెయింటెనెన్స్. పక్కన ఎవరిదో యువసేన. దానికి ఆనుకుని ఎర్ర అక్షరాల్లో 'ప్రెస్'.

అన్నిటికంటే అడుగు పొర నల్ల ఫిల్మ్‌ది. ఇక్కడ కాస్త న్యాయశాస్త్రం అవసరం. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో నూరో నిబంధన ప్రకారం ముందద్దం, వెనకద్దం గుండా కనీసం 70 శాతం, పక్కద్దాల గుండా 50 శాతం వెలుతురు పోవాలి. మనవాళ్లు ఆ శాతాలను పరీక్షల్లో పాస్ మార్కుల్లాగా తీసుకున్నారు, రాకపోతే మళ్లీ రాద్దాంలే అని. చివరికి 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు, అద్దాలకు ఏ శాతం ఫిల్మూ అంటించడానికి వీల్లేదంది. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపుకు దారి ఉంచింది. మా కారు మొదటి యజమానిది గాజుల దుకాణమట. గాజులకు జెడ్ ప్లస్ ఇవ్వరు. ఏదో చౌరస్తాలో కారు ఆపి, నిలబెట్టి, ఫిల్మ్ పీకించేశారు. ఎండకు కాలిన ఫిల్మ్ పెళుసెక్కి ఉంటుంది. లాగితే పైన ప్లాస్టిక్ పొర ముక్కలు ముక్కలుగా వస్తుంది, జిగురు అద్దానికే అతుక్కుని ఉంటుంది. కోర్టు ఫిల్మ్ తీయమంది, తీశారు. జిగురు సంగతి తీర్పులో లేదు.

ఇక వైద్యం. మన దేశంలో జ్వరానికీ, పెళ్లి సంబంధాలకూ, కారద్దం జిగురుకూ సలహా ఇవ్వడానికి ఏ చదువూ అక్కర్లేదు. మా తోడల్లుడు కిరసనాయిలు అన్నాడు. ఈ రోజుల్లో అది దొరకడమే గగనం, ఎలాగో పావు లీటరు సంపాదించాను. జిగురు కాస్త కదిలింది. వాసన మాత్రం కదల్లేదు. నెల రోజులు మా ఇంటిల్లిపాదీ అద్దాలు దించుకుని, తలలు బయటపెట్టి ప్రయాణం చేశాం, సంతకు పోయే మేకల్లాగా. మెకానిక్ థిన్నర్ అన్నాడు, మా అమ్మాయి నెయిల్ పాలిష్ రిమూవర్ అంది. రెండూ పనిచేస్తాయి, అబద్ధం చెప్పకూడదు. గాజును ఏమీ చేయవు కూడా. కానీ ఒక్క చుక్క జారి డోరు ప్లాస్టిక్ మీద పడింది. అది తుడిచేలోపు అక్కడ శ్రీలంక పటం ఏర్పడింది. ఇప్పుడా పటం కనబడకుండా ఏదైనా స్టిక్కర్ అంటించాలి.

ఒక పెద్దమనిషి హెయిర్ డ్రయ్యర్ కొనుక్కోమన్నాడు. వేడి తగిలితే జిగురు మెత్తబడుతుందట, నిజమే. మే నెల ఎండలో నిలబడి ఉన్న కారుకు వేడి కోసం డ్రయ్యర్ కొనమనడం, గోదావరి ఒడ్డున కూర్చుని నీళ్ల బాటిల్ కొనుక్కోమన్నట్టు. (అదీ కొంటున్నాం లెండి.) రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. జిగురు పగలదు, పాకంలా సాగుతుంది. ఫిల్మ్ ముక్కలు మిగిలి ఉంటే ఆ ఎండలోనే మెల్లగా, అద్దానికి వారగా లాగాలి. జిగురు తుడిచే పని మాత్రం నీడకు మార్చుకోవాలి, లేకపోతే రాసిన మందు జిగురు దాకా పోకముందే ఆవిరవుతుంది. ఈ రెండు వాక్యాలు తెలుసుకోవడానికి నాకు ఒక ఆదివారం, ఒక వడదెబ్బ పట్టాయి.

వాచ్‌మన్ సలహా నాకు అన్నిటికంటే నచ్చింది, ఎందుకంటే అది ఖర్చు లేనిది. "బ్లేడు పెట్టి గీకేయండి సార్, అయిదు నిమిషాలు" అన్నాడు. సబ్బు నీళ్లు చల్లి, బ్లేడు వాల్చి గీకితే పక్కద్దాల మీద నిజంగానే వచ్చింది. ఆ గెలుపు తలకెక్కి వెనకద్దం మీద పడ్డాను. దాని మీద సన్నటి గీతలు అడ్డంగా వరసగా ఉన్నాయి. ఏనాటి మురికో గడ్డకట్టిందనుకుని శ్రద్ధగా మూడు గీతలు తెగ్గొట్టాను. అవి వెనకద్దం మీది తేమను ఆరబెట్టే కరెంటు తీగలని వానాకాలం వచ్చాక తెలిసింది. బటన్ నొక్కితే అద్దమంతా తేటపడి, ఆ మూడు గీతల దగ్గర మాత్రం మసక చారలు విభూతి రేఖల్లా నిలిచిపోతాయి. వెనక వచ్చే బండ్లవాళ్లు నన్ను శైవుడనుకుంటున్నారు.

పత్రికతో తుడిస్తే అద్దం తళతళలాడుతుందని మా నాన్నగారి కాలం నుంచీ నమ్మకం. 'ప్రెస్' అన్న అక్షరాల జిగురును పత్రికతోనే తుడవడంలో ఏదో కవితాన్యాయం కూడా ఉందనిపించి ప్రయత్నించాను. సంపాదకీయం పేజీ జిగురుకు అంటుకుపోయింది. ఇప్పుడు జిగురుతో పాటు సంపాదకీయాన్ని కూడా గీకాల్సి వచ్చింది. అది ఇంకా కష్టం.

చివరికి మా ఆవిడ జలుబు మందుల డబ్బాలోంచి నీలగిరి తైలం సీసా తెచ్చి చేతిలో పెట్టింది. "దూదితో అద్ది, పది నిమిషాలు నాననివ్వండి. మీకు ఆ పది నిమిషాలు ఆగడమే చేతకాదు" అంది. ముల్లును ముల్లుతోనే తీయాలన్నట్టు జిడ్డును నూనెతోనే దింపాలి. నీళ్లకు లొంగని జిగురు నూనెకు లొంగుతుంది. ఉబ్బి, ముడతలు పడి, గుడ్డకు ఉండలు ఉండలుగా చుట్టుకుంది. తర్వాత ఆ నూనె మరక పోవడానికి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన నీళ్లతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి. అంతే. ఇరవై రూపాయల పని. పై పేరాల్లోని ఖర్చు నేను ఇంట్లో చెప్పలేదు, మీరూ చెప్పకండి.

అయినా అద్దం శుభ్రపడిందని అప్పుడే అనుకోకండి. జిగురు పోయాక దాని వెనక దాక్కున్న మసక బయటపడుతుంది. పగలు కనబడదు. రాత్రి విజయవాడ హైవే మీద ఎదురుగా లారీ లైటు పడ్డప్పుడు ముందద్దం మొత్తం పాలు విరిగినట్టవుతుంది. ఎండకు డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి ఆవిర్లు లేచి అద్దానికి పడతాయి. సర్వీసింగ్ కుర్రాడు మనమీద ప్రేమకొద్దీ డ్యాష్‌బోర్డుకు నూనె పాలిష్ కొడితే అదీ పడుతుంది. రోజూ పొద్దున్నే ఏసీ రంధ్రంలో గుచ్చి వెలిగించే అగరుబత్తి పొగ వీటికి అదనం. దేవుడు క్షేమంగా చేర్చాలని వెలిగించిన పొగ వల్లే దారి కనబడకపోవడం గురించి ఆధ్యాత్మిక పండితులు ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. ముందద్దం కింది మూలకు చెయ్యి పోదు. ఎడమ సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, గుడ్డను అద్దానికీ మునివేళ్లకూ మధ్య ఇరికించి తోయాలి. ఆ భంగిమకు యోగశాస్త్రంలో పేరు లేదు, పెట్టొచ్చు.

ఇంత శ్రమలో ప్రభుత్వానికి పనికొచ్చే ఆలోచన ఒకటి తట్టింది. ఎమ్మెల్యేలు గెలిచిన పార్టీకి అతుక్కుని ఉండాలని 1985లో రాజ్యాంగాన్ని 52వ సారి సవరించి పదో షెడ్యూలు చేర్చారు. అది ఎంత గట్టిగా అతికించిందో మనం చూస్తూనే ఉన్నాం. ఆ షెడ్యూలు రాసినవాళ్లు ఒక్కసారి స్టిక్కర్ల షాపుకు వెళ్లి ఉండాల్సింది. మా కారు మీది యువసేన అన్నగారు ఈపాటికి ఎన్ని కండువాలు మార్చారో తెలియదు, ఆయన స్టిక్కర్ జిగురు మాత్రం కార్యకర్తలా మొదట అంటుకున్నచోటే ఉంది. రోడ్ల గుంతలు పూడ్చడానికి కూడా ఇదే సరుకు వాడమని కాంట్రాక్టర్లకు చెప్పొచ్చు కానీ, గుంతలు శాశ్వతంగా పూడితే వాళ్లు బతకాలి కదా.

సరే, అన్నీ తుడిచాక మిగిలింది 'ప్రెస్'. అక్షరాలు ఎప్పుడో పీకేశాను, పైకి ఏమీ లేదు. వారం తిరిగేసరికి ఆ పలుచటి జిగురుకు దుమ్ము పట్టి అక్షరాలు మళ్లీ లేచాయి, బూడిద రంగులో, మునుపటి ఎరుపు కంటే హుందాగా. నిజానికి పాతబడిన ప్రెస్ స్టిక్కర్‌కు కొత్తదానికంటే గౌరవం ఎక్కువ, సీనియర్ పాత్రికేయుడనుకుంటారు.

మొన్న రాత్రి చెకింగ్ దగ్గర కారు ఆపారు. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దాటి రెండు నెలలైంది. టెన్షన్‌తో డ్యాష్‌బోర్డు అర వెతుకుతున్నట్టు నటిస్తున్నాను. కానిస్టేబుల్ టార్చి వేసి ముందద్దం మూల చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. "డ్యూటీ నుంచా సార్? పదండి పదండి" అన్నాడు. నేను ఒక్క మాట అనలేదు. ధనంజయుడి శాసనం కూడా అంతే, రాజు మాట్లాడకపోయినా రాయి చెబుతుంది.

పొద్దున మా ఆవిడ నీలగిరి తైలం సీసాతో వచ్చింది. "ఏమండీ, ఆ ఒక్క మూల మిగిలిపోయింది, తుడిచేయండి."

"అక్కడ అద్దం కాస్త పల్చగా ఉన్నట్టుంది" అన్నాను. "ఎక్కువ రుద్దితే పగులుతుందేమో."

ఆమె నావైపు కాసేపు చూసి, సీసా మూత బిగించింది. లోపలికి వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆ స్టిక్కర్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి, మా తమ్ముడి కారుకు కావాలి" అంది.