ఈ అప్పు మాత్రం మన్నించకూడదు

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు వరద విజయవాడ సింగ్ నగర్‌లో మా ఇంట్లోకి వచ్చింది. ఆ రోజు పూజ లేదు, గుడి లేదు. మేడెక్కి, పాల ప్యాకెట్ కోసం కనపడ్డ ప్రతి పడవకూ చేతులూపాం. నీళ్లు తీశాక చూస్తే అమ్మ బైబిల్ పూరీలా ఉబ్బిపోయి ఉంది. పిట్టగోడ మీద ఆరబెట్టి, అతుక్కున్న పేజీలు ఒక్కోటీ విడదీస్తూ రెండు రోజులు కూర్చుంది. ఇప్పటికీ తెరిస్తే బురద వాసనే.

ఈమధ్య మా విచారణ (మా చర్చి సంఘం) మీటింగ్‌లో నోరు జారాను. "వరదలు రాకూడదని ప్రార్థిస్తున్నాం సరే, వాతావరణం గురించి ప్రభుత్వాలకు ఓ వినతిపత్రం కూడా పంపుదాం" అన్నా. ఓ పెద్దాయన, "గుడిలోకి రాజకీయాలెందుకు బాబూ" అన్నారు. మిగతావాళ్లు టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

అయ్యా, రాజకీయమైతే అది మొదలుపెట్టింది నేను కాదు. ధనిక దేశాలు పేద దేశాలకు పర్యావరణ రుణం (భూమిని వేడెక్కించి, ప్రకృతిని పాడుచేసిన బాకీ) పడ్డాయని పోపు ఫ్రాన్సిస్ 2015లోనే 'లౌదాతో సీ' లేఖలో రాశారు. 2025 జులైలో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా బిషప్పుల సమాఖ్యలు కలిసి ఆ అప్పు తీర్చమని గట్టిగా అడిగాయి. ఆ పత్రం మీద మన గోవా కార్డినల్ సంతకం ఉంది. మా నోటీసు బోర్డు మీద మాత్రం ఇంకా పోయినేడాది తిరునాళ్ల పోస్టరే!

పరలోక జపంలో 'మా అప్పులను మీరు మన్నించండి' అని రోజూ చెప్పుకుంటాం. మన్నించాల్సిన అప్పులు వేరు. ఇది వసూలు చేయాల్సిన అప్పు. 2024లో బాకులో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో పేద దేశాలు ఏటా లక్షా 30 వేల కోట్ల డాలర్లు కావాలంటే, ధనిక దేశాలు 2035 నాటికి ఏటా 30 వేల కోట్లకు చేరుస్తామన్నాయి. అదీ బేరమే. మన దేశ ప్రతినిధి ఆ హాల్లోనే ఒప్పుకునేది లేదన్నారు.

"బుడమేరు కబ్జా చేసింది మనవాళ్లే కదా" అంటారు. నిజమే, కాదనను. గండ్లు పడటంలో మన పాపం చాలా ఉంది. కానీ ఒక్క డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. ఆ తేమంతా కుంభవృష్టిగా ఎవరి నెత్తిన పడుతోందో సింగ్ నగర్ వాళ్లకి వేరే చెప్పాలా?

ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్లకు విజయవాడ గుణదల కొండకు లక్షల మంది వస్తారు. తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే ఆ మైకులో దీని గురించి రెండు నిమిషాలు చెబితే మరియమ్మ ఏమీ అనుకోదు.

వినతిపత్రం ఒక పేజీ రాశాను. ఆదివారం పూజయ్యాక గుడి మెట్ల దగ్గరే ఉంటా. అమ్మ ఇప్పటికే సంతకం పెట్టింది. పెద్దాయనకు పెన్ను నేనే ఇస్తా.