సవరణ: ఆ 49 నిమిషాలు ‘రిడక్స్’వి

వియత్నాం యుద్ధం మీద దర్శకుడు కొప్పోలా తీసిన ‘అపొకలిప్స్ నౌ’ సినిమా గురించిన గత పోస్టులో, దాని 2019 వెర్షన్ ‘ఫైనల్ కట్’లో 49 నిమిషాలు కలిపారని, అందుకే సాగదీసినట్టుందని ఉంది. ఆ 49 నిమిషాలు 2001లో వచ్చిన పొడిగించిన వెర్షన్ ‘రిడక్స్’కి కలిపినవి. 2019లో కొప్పోలా కలపలేదు సరికదా, ‘రిడక్స్’లోంచే కొంత తీసేశాడు. నిడివి దాదాపు 3 గంటల 3 నిమిషాలకు దిగింది. ప్లేబాయ్ అమ్మాయిలు రెండోసారి కనిపించే సీన్ పోయింది, హమ్మయ్య!

ఫ్రెంచ్ తోట యజమానుల ఇంట్లో భోజనం సీన్ మాత్రం ఉంచాడు. వియత్నాం మీద ఫ్రెంచివాళ్ల వాదనలు వినడానికి బాగానే ఉంటాయి కానీ, హీరో పడవ, అతను చంపాల్సిన కల్నల్ కర్ట్జ్ దగ్గరికి చేరుతోందన్న టెన్షన్ అక్కడే చల్లారిపోతుంది. కాబట్టి సాగదీత ఫిర్యాదు ఈ రెండు వెర్షన్లకీ వర్తిస్తుంది, ‘రిడక్స్’కి ఇంకాస్త ఎక్కువ. మొదటిసారి చూసేవాళ్లు 1979 వెర్షనే చూడండి.