ఏది నొక్కినా ఒకే చోటికి చేర్చే ట్రైనింగ్ మాడ్యూల్ గారికి

మహారాజశ్రీ 'కోపంగా ఉన్న కస్టమర్‌తో సంభాషణ: ఇంటరాక్టివ్ సినారియో, రెండో భాగం' గారి సముఖమునకు, మాదాపూర్ కాల్ సెంటర్‌లో తెలుగు కస్టమర్ల కాల్స్ తీసుకునే ఉద్యోగిని నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అనే మొదలుపెట్టాలి. మీ కుశలం ఎవరు ఏ కోర్సు పూర్తి చేశారో చూపించే ఎల్ఎంఎస్ డాష్‌బోర్డులో పచ్చగా కనిపిస్తూనే ఉంది. నా వైపు సంగతి ఏమంటే, నిన్న మధ్యాహ్నం ఆఖరి సీనులో ఉండగా నెట్ పోయింది. తిరిగొచ్చాక మీరు నన్ను చూసి 'స్వాగతం' అన్నారు. మళ్లీ మొదటి స్లైడు. నెక్స్ట్ బటన్‌కి తాళం. తెర మీదున్న ప్రతి అక్షరాన్నీ ఆ వాయిస్ ఆవిడ తీరిగ్గా చదివి వినిపించేదాకా ఆ తాళం తెరుచుకోదు. నాకూ చదవడం వచ్చునని మీకెవరూ చెప్పినట్టు లేదు.

ఐటీ అబ్బాయిని అడిగాను. మీరు స్కార్మ్ 1.2 అనే, ఆన్‌లైన్ కోర్సుల కోసం 2001లో వచ్చిన పద్ధతిలో తయారయ్యారట. నేను ఎక్కడిదాకా వచ్చానో రాసిపెట్టుకోవడానికి అందులో 4096 అక్షరాల చోటే ఉంటుందట. అది నిండిపోయినా ఇంతే, సేవ్ అయ్యేలోపు నెట్ పోయినా ఇంతే అన్నాడు. సరే. కానీ ఏం నొక్కినా ఒకే చోటికి తీసుకెళ్లే మీకు, గుర్తుపెట్టుకోవడానికి అసలేముందండీ?

ఈలోగా నా పేరు ఎర్ర రంగులో మా టీమ్ లీడర్‌కి మెయిల్‌గా వెళ్లింది. వెళ్లనివ్వండి. నేను రాస్తున్నది అందుకు కాదు, మీ రమేష్ గారి కోసం.

రమేష్ గారు మీ కస్టమర్. నలగని నీలం చొక్కా. కోపంలో కూడా పళ్లు కనిపిస్తాయి (ఒక్క ఫోటోయే కొన్నట్టున్నారు). ఆయనకి మిక్సీ జారు పగిలి వచ్చింది. "నేను ఈ సేవ పట్ల తీవ్ర అసంతృప్తితో ఉన్నాను" అంటారు. అలా మాట్లాడే మనిషి ఫోన్ చేస్తే ముందు నేను భయపడతాను. తర్వాత నా ముందు మూడు దార్లు పెడతారు. ఏ: "అది మా సమస్య కాదు సర్." బీ: "కాసేపు ఆగండి." సీ: నాలుగు లైన్లు. అందులో పేరు పెట్టి పిలవడం, విన్నానని చెప్పడం, క్షమాపణ, 48 గంటల హామీ, ఇంకేమైనా సాయం కావాలా అని అడగడం, అన్నీ వరసగా ఉంటాయి. మా ఫ్లోర్ మీద ఎవరూ వాటిని చదవరు. పొడుగ్గా ఉన్నది నొక్కుతారు, ముందుకు పోతారు. ఎవరైనా సరదాకి 'ఏ' నొక్కితే ఎర్ర ఇంటూ మార్కు, 'మళ్లీ ప్రయత్నించండి', మళ్లీ అదే స్లైడు. పెళ్లికొడుకుని ముందే ఖాయం చేసుకుని, మిగతా ఇద్దరినీ ఊరికే టిఫిన్‌కి పిలిచిన పెళ్లిచూపులివి.

అయినా 'ఏ' అనే ఏజెంటుని మీకెవరు చూపించారు? ఆ మాట అంటే, కాల్స్ విని మార్కులేసే క్యూఏ వాళ్లు సాయంత్రానికల్లా ఫేటల్ వేస్తారు, అంటే ఆ కాల్‌కి సున్నా. ఉద్యోగం మీద ఆశ ఉన్నవాళ్లు ఎవరూ అలా మాట్లాడరు. మా తప్పులు ఇంకో రకంగా ఉంటాయి. అన్నీ మర్యాదగానే ఉంటాయి.

'సీ' నొక్కగానే రమేష్ గారి సంతృప్తి మీటరు పచ్చగా లేస్తుంది. "మీరు నా సమస్యను అర్థం చేసుకున్నారు" అని ఫోన్ పెట్టేస్తారు. జారు సంగతి ఏమైందో ఆయనా అడగరు, మీరూ చెప్పరు.

నాకు తెలిసిన సంగతి ఒకటి ఇప్పుడు బయటపెడతాను. రమేష్ గారు ఎవరో నాకు తెలుసు. ఉండేది కోరుట్లలో. ఆయన అసలు 'ఆయన' కాదు, ఒక పెద్దావిడ.

మిమ్మల్ని తయారు చేసే ముందు మీ డిజైనర్లు మా ఫ్లోర్‌కి వచ్చారు. నన్ను సబ్జెక్ట్ మ్యాటర్ ఎక్స్‌పర్ట్ అన్నారు, క్యాంటీన్ టీ ఇప్పించారు, "నిజంగా జరిగిన కష్టమైన కాల్ చెప్పండి మేడమ్" అన్నారు. చెప్పాను. పగిలిన జారు వెనక్కి తీసుకెళ్లడానికి ఆ పెద్దావిడకి పికప్ బుక్ అయిన ప్రతిసారీ సిస్టమ్‌లో 'కస్టమర్ అందుబాటులో లేరు' అని పడుతోంది. "నేను ఇంట్లనే ఉన్న బిడ్డా. ఎవ్వలు రాలే. లేనని ఎందుకు రాస్తున్నరు?" అంటుంది. నేను కొరియర్ హబ్‌కి ఫోన్ చేయలేను, ఆ నంబరు మాకివ్వరు. పికప్ స్కాన్ పడకుండా రిఫండ్ కదలదు, అది నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది ఒక క్షమాపణ, ఒక టికెట్, 48 గంటలు. ఆ మూడూ వరసగా అప్పజెప్పాక ఆవిడ అన్న మాట ఇది: "నీ కంటె ముందు పిల్ల గూడ గిట్లనే మంచిగ మాట్లాడింది."

ఈ మాట చెప్పగానే డిజైనర్లలో ఒకమ్మాయి రాయడం ఆపేసింది. ల్యాప్‌టాప్‌లో ట్వైన్ తెరిచింది. 2009లో క్రిస్ క్లిమస్ అనే ఆయన తెచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ అట, పెట్టెలూ బాణాలతో కథని కొమ్మలుగా పరచవచ్చు. అక్కడికక్కడే గీసింది. 'సీ' నొక్కితే ఎర్ర మార్కూ ఉండదు, పచ్చ మార్కూ ఉండదు. కథ మూడు రోజులు ముందుకు జరుగుతుంది. అదే పెద్దావిడ, అదే జారు, ఓపిక ఇంకాస్త తక్కువ. ఈసారి ఫోన్ ఎత్తేది కూడా నువ్వే. నేను 'డీ' అడిగాను: "అమ్మా, మళ్లీ 48 గంటలని నేను చెప్పను. సూపర్‌వైజర్‌కి ఇప్పుడే ఇస్తున్నాను. ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ వివరాలు కూడా రాసుకోండి." దానికీ మూల్యం పెట్టింది. కాల్ పొడుగవుతుంది, ఏహెచ్‌టీ (ఒక్కో కాల్‌కి పట్టే సగటు టైము) చెడుతుంది, సూపర్‌వైజర్ ముఖం మాడుతుంది. కానీ ఆవిడ మళ్లీ ఫోన్ చేయాల్సిన పని ఉండదు. "పక్కాగా పెడతాం మేడమ్" అన్నారందరూ.

మీ కష్టం తెలియకుండా మాట్లాడటం లేదు. మూడేసి దార్ల చొప్పున నాలుగు మలుపులు పెడితే 81 ముగింపులు. అన్నీ రాసి, రికార్డు చేసి, రివ్యూ చేయించే ఓపిక ఎవరికీ ఉండదు. కొమ్మల్ని మధ్యలో కలిపేస్తారు, కలపాలి కూడా. కలిపినా, ఇందాక ఏమని మాటిచ్చానో ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు, కథ బతుకుతుంది. నేనడిగింది 81 కాదు. ఒక్క 'డీ'.

రివ్యూలో అది ఎగిరిపోయింది. 'ప్రాసెస్ మీద నెగెటివ్ ఇంప్రెషన్' అట. పెద్దావిడ రమేష్ అయ్యారు, కోరుట్ల ఎగిరిపోయింది, 'నీ కంటె ముందు పిల్ల' ఎగిరిపోయింది. గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు ట్రైనింగ్‌లో ఎందుకని లీగల్ వాళ్లు కొట్టేశారు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ పేరూ నంబరూ వెబ్‌సైట్‌లోనే పెట్టాలి కదా! ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి అని కూడా అందులోనే ఉంది. మీరు 48 గంటలు పట్టుకున్నారు, నెల వదిలేశారు. రమేష్ గారికి వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే 1915 హెల్ప్‌లైన్ సంగతి తెలీదు. మా కస్టమర్లకి తెలుసు. "1915కి చేస్తా" అన్నప్పుడు ఏమనాలో మీలో ఒక్క స్లైడు కూడా లేదు.

ఇక గారూ లేదు, గీరూ లేదు. నువ్వు మాకు కస్టమర్ గురించి ఏమీ నేర్పలేదు. జారు రాకపోయినా, పికప్ అబద్ధమైనా, రిఫండ్ ఎక్కడో ఇరుక్కున్నా, ఆ తప్పంతా ఏజెంటు మాట తీరులోనే ఉందని నేర్పావు. సరిగ్గా మాట్లాడితే మీటరు లేస్తుందట! నిన్ను నూటికి నూరు మార్కులతో పాసైన కొత్తపిల్ల మొదటి లైవ్ కాల్‌లో నీ 'సీ' పొల్లు పోకుండా చెప్పింది. అవతల కస్టమర్ "అయితే జారు ఎప్పుడొస్తది?" అన్నాడు. ఆ పిల్ల నా వైపు చూసింది. రెండో హెడ్‌సెట్ తగిలించుకుని ఆ కాల్ నేను తీసుకున్నాను. నీ డాష్‌బోర్డులో ఆ పిల్ల ఇప్పటికీ 'నిపుణురాలు'.

ఆఖర్న ఐదు నక్షత్రాలు అడుగుతావు చూడు, 'ఈ కోర్సు మీకు నచ్చిందా?' అని. శిక్షణని నాలుగు మెట్లలో కొలవాలని డొనాల్డ్ కర్క్‌ప్యాట్రిక్ 1959లోనే చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, ఫలితం వచ్చిందా. నువ్వు మొదటి మెట్టు మీదే కూర్చుని ఫోటో దిగుతున్నావు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. హోల్డ్ సీను బాగుంది. కస్టమర్ని అడగకుండా హోల్డ్‌లో పెడితే తెర మీద గడియారం నడుస్తుంది, అవతల ఆయన ఊపిరి వినిపిస్తుంది, ఎక్కడో కుక్కర్ విజిల్ వేస్తుంది. కొత్తవాళ్ల చేతులు అక్కడ తడబడటం నేను చూశాను. అది ఆ ట్వైన్ అమ్మాయి పనే అయ్యుంటుంది. ఎవరి కంటా పడకుండా రివ్యూ దాటించినట్టుంది.

ఆ అమ్మాయి ఇంకా అక్కడే పనిచేస్తుంటే, మూడో భాగం మొదలుపెట్టే ముందు నన్ను పిలవమను. టీ నేనే ఇప్పిస్తాను. రివ్యూ మీటింగ్‌కి కూడా నేనే వస్తాను, పెద్దావిడ కాల్ రికార్డింగ్ పట్టుకుని. దాన్ని మొత్తం విన్నాక 'డీ' ఎందుకు తీసేశారో నా ముందు చెప్పమను.

నా టీమ్ మొత్తం శుక్రవారంలోగా నిన్ను పూర్తి చేయాలని మెయిల్ వచ్చింది. చేస్తాం. అన్నీ 'సీ'.

ఇట్లు,
నీ చివరి స్లైడులో పేరు తప్పుగా పడిన సబ్జెక్ట్ మ్యాటర్ ఎక్స్‌పర్ట్