రెండో చెట్టు తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

పిల్లల నాటకానికి పాత్రధారుల జాబితా గోడకు అంటించిన మరుక్షణం నుంచి కుటుంబాలకు ఎదురయ్యే ప్రమాదాన్ని మన మేధావులు ఇంతవరకు సీరియస్‌గా పట్టించుకోలేదన్నది నా ఫిర్యాదు. రాణి పేరు దగ్గర వేలు ఆపి, మంత్రి దగ్గర ఆశపడి, భటుల దగ్గర బిక్కమొగం వేసి, చివరికి ‘రెండో చెట్టు’ ఎదురుగా తన పేరు చూసుకున్న పదేళ్ల అమ్మాయి ఏం చేస్తుంది? కాసేపు ఏడుస్తుంది. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని, మొదటి చెట్టు ఎవరని అడుగుతుంది. అది తన స్నేహితురాలేనని తెలియగానే, గాలి వీచినప్పుడు కొమ్మలు ఇద్దరూ ఒకే వైపు ఊపాలా, చెరో వైపు ఊపాలా అన్న చర్చలో పడిపోతుంది. ఇంత తేలిగ్గా సర్దుకుపోయే పిల్ల రేపు లోకంలో ఎలా నెగ్గుకొస్తుందన్న బెంగ సహజంగానే పెద్దలకు పట్టుకుంటుంది.

కాబట్టి చికిత్స ఇంటికి వెళ్లే దారిలోనే మొదలుపెట్టాలి. ‘బాధపడకు తల్లీ’ అని ఊరడిస్తూనే ఉండాలి. బాధ మరిచిపోయిన పిల్లకు దాన్ని గుర్తుచేయడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదు. ఏడ్చినంతసేపు ఏడవనిచ్చి, పక్కన ఊరికే కూర్చుంటే సరిపోతుందని కొందరు అంటారు గానీ, అలా కూర్చుంటే మనం చేసినట్టు ఏం కనిపిస్తుంది? పైగా రాణి వేషం దక్కిన అమ్మాయి గొంతు గురించి, ఆమె మేనత్తకు నిర్వాహకులతో ఉన్న పరిచయం గురించి అభిప్రాయాలు చెప్పడానికి అదే అనువైన సమయం. నాటకం ఆడేదాకా ప్రతి రిహార్సల్‌లోనూ మన పిల్ల ఆ రాణి పక్కనే నిలబడాలన్నది చిన్న విషయం.

ఇక స్క్రిప్టు పరిశీలన. నాకు తెలిసిన ఒక తండ్రి పసుపు రంగు పెన్నుతో కూర్చుని తన కూతురి మాటలకు గీతలు గీయబోతే, స్క్రిప్టు మొత్తంలో ఒక్క వాక్యం తేలింది: ‘మహారాణీ, గొడ్డలి చప్పుడు వినిపిస్తోంది.’ ఆయన నిరుత్సాహపడలేదు. ఈ హెచ్చరిక లేకపోతే రాణి అడవిలోనే ఉండిపోతుందని, అడవిలో ఉండిపోతే మూడో రంగమే లేదని, కనుక కథకు అసలు ఆధారం రెండో చెట్టేనని నిరూపిస్తూ అర్ధరాత్రి దర్శకుడికి సుదీర్ఘమైన మెసేజ్ పంపారు. మొదటి చెట్టు తండ్రికి ఈ సంగతి ఇంకా తెలియదు.

దర్శకుడు చెప్పే కారణాలు మాత్రం వినకూడదు. పక్కపక్కన నిలబడేవారి ఎత్తులు, చివరి వరుసదాకా వినిపించే గొంతు, ఇద్దరు కలిసి చదివినప్పుడు సంభాషణ పండే తీరు, రిహార్సల్‌లకు క్రమం తప్పకుండా రాగల వీలు, ఇద్దరూ సమానంగా చేసినా వేషం ఒక్కటే ఉండటం వంటివి ఆయన ఏకరువు పెడతారు. అన్నీ నిజమే కావచ్చు. అందుకే వాటితో మనకు ఉపయోగం లేదు. అంతకన్నా పెద్ద ప్రమాదం, పిల్ల తానే వెళ్లి ‘వచ్చేసారికి నేనేం నేర్చుకోవాలి సార్?’ అని అడగడం. ‘వాక్యం చివరి మాట మింగేస్తున్నావమ్మా’ అని ఆయన రెండు నిమిషాల్లో చెప్పేస్తారు, ఆమె నేర్చేసుకుంటుంది, మన ఆగ్రహానికి ఆధారం పోతుంది. దీన్ని నివారించాలంటే ఆమె కంటే ముందు మనమే ఫోన్ చేయాలి.

ఎవరో ఒకరు తప్పకుండా ‘చిన్న పాత్రలు లేవు, చిన్న నటులే ఉన్నారు’ అంటారు. (అనేది సాధారణంగా రాణి వాళ్లమ్మ.) 1897లో రష్యన్ నాటకరంగ ప్రముఖులు స్తానిస్లావ్‌స్కీ, నెమిరోవిచ్-దాన్‌చెంకో మాస్కోలో సుమారు 18 గంటలు కూర్చుని తమ కొత్త నాటకశాలకు రాసుకున్న నియమాల్లో అదొకటి. ఈ రోజు నాయకుడు హామ్లెట్ వేషం వేసినవాడు రేపు గుంపులో ఒకడిగా నిలబడాలన్నది దాని పక్కనే ఉన్న మరో నియమం. దీన్ని మాత్రం రాణి వాళ్లమ్మ ఉదాహరించగా నేను వినలేదు. షేక్‌స్పియర్ నటనలో మేటి తన హామ్లెట్‌లోనే వేసిన దయ్యం వేషమని ఆయన జీవితచరిత్రకారుడు నికొలస్ రో 1709లో రాశాడు. సొంత నాటకంలో సైతం నాయకుడి వేషం దక్కని ఆ కుర్రవాడి తరఫున తల్లిదండ్రులు ఎవరికైనా అర్జీ పెట్టుకున్న దాఖలాలు లేవు. ఆ రోజుల్లో పెంపకం అంత నిర్లక్ష్యంగా ఉండేది.

ప్రదర్శన నాడు తల్లిదండ్రులు ముందు వరుసలో కూర్చుని, రాణి మరణించే ఘట్టంలోనూ ఫోన్ కెమెరాను చెట్టు మీదినుంచి కదల్చకుండా పట్టుకోవాలి. గొడ్డలి చప్పుడు సంగతి మన పిల్ల చివరి మాట మింగకుండా చెప్పినప్పుడు మాత్రం చప్పట్లు కొట్టడం మరవకూడదు; చాలామంది అప్పుడు వీడియో సరిగా వస్తోందో లేదో చూసుకుంటూ ఉంటారు.

తాజా సమాచారం ప్రకారం, వచ్చే నాటకానికి మన రెండో చెట్టు అమ్మాయి అసలు ఏ వేషమూ అడగలేదట. తెర లాగే పని ఇప్పించమని స్వయంగా అడిగి తెచ్చుకుందట. తెర లాగేవారి పేరు కరపత్రంలో ఎక్కడ వేస్తారో, ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తారో కనుక్కోవడానికి తండ్రి ఇప్పటికే దర్శకుడికి రెండుసార్లు ఫోన్ చేశారు.