ఏ ఎపిడావ్రోస్ అండీ?

గ్రీసులో ఎపిడావ్రోస్ వెళ్ళిన దంపతులకు పేచీ రెండో రోజు పొద్దున మొదలవుతుంది. ఆ పేరుతో మూడు చోట్లున్నాయి మరి. సముద్రం ఒడ్డున ఉన్న పల్లె పాత ఎపిడావ్రోస్. దానికి ఉత్తరాన కొత్త ఎపిడావ్రోస్. ఫొటోల్లో కనిపించే, పద్నాలుగు వేల మంది పట్టే 55 వరుసల ప్రాచీన మహా థియేటర్ ఈ రెండిట్లోనూ లేదు. లిగూరియో దగ్గర, వైద్య దేవుడు ఆస్క్లీపియోస్ క్షేత్రంలో, పల్లె నుంచి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది.

శ్రీవారు గది తీసుకునేది పల్లెలో. సముద్రం, నారింజ తోటలు, పైగా "థియేటర్ నడక దూరం." అబద్ధమేమీ కాదు. క్రీ.పూ. 4వ శతాబ్దపు చిన్న థియేటర్ ఒకటి అక్కడి గుట్టవాలులో ఉంది. దాన్నే పెద్దదనుకుని వెళ్తారు.

"ఏవండీ, ఇందులో పద్నాలుగు వేల మంది ఎలా పట్టేవారండీ?"

"అప్పటివాళ్ళు సన్నంగా ఉండేవారే. నువ్వు పైకెక్కు, కింద నాణెం పడేస్తా. పై వరుస దాకా వినిపిస్తుందట."

రెండు యూరోలు దొర్లుకుంటూ పోయాయి.

"వినిపించిందా?"

"మీరు అడిగింది వినిపించింది."

(పెద్ద థియేటర్‌లోనైనా ఆ సవ్వడి నాణేనిదని పోల్చుకోగలిగేది సగం ఎత్తు దాకానే అని 2017లో డచ్ పరిశోధకులు కొలిచి తేల్చారు.)

శ్రీమతికి మాత్రం రాతి బల్లల మీద చెక్కిన అక్షరాలు నచ్చాయి. అధికారుల పేర్లు, దాతల పేర్లు. మన గుళ్ళో ఫ్యాను రెక్కల మీద రాయించుకున్నట్టే!

ఈ పేర్ల తికమకకు విరుగుడు తేలికే. మ్యాపులో వట్టి "ఎపిడావ్రోస్" అని కొట్టకండి, "ఆస్క్లీపియోస్ క్షేత్రం" అని వెతకండి. కారు లేకపోతే దగ్గరి పట్టణం నాఫ్ప్లియోలో దిగి, అక్కడి నుంచి క్షేత్రానికే వెళ్ళే బస్సు ఎక్కండి. ఎక్కేముందు "థియేటర్‌కేనా?" అని డ్రైవర్ని అడగండి. ఆదివారాలు బస్సులు తక్కువ. తిరుగు బస్సు వేళ రాసుకోకపోతే టాక్సీయే గతి. హైహీల్స్ గదిలోనే వదిలేయండి, రాయి దెబ్బతింటుందని అలాంటి చోట్ల వాటిని నిషేధించారు.

ఎలాగూ పల్లెలో దిగిపోయారు కాబట్టి యాలాసి బీచికి వెళ్ళండి. బోర్డు మీద "మునిగిన నగరం" అని ఘనంగా ఉంటుంది గానీ, ఉన్నది రోమన్ల నాటి ఒక్క ఇల్లు. ఒడ్డుకు యాభై మీటర్ల లోపు, రెండు మీటర్ల లోతున గోడలు, పెద్దపెద్ద బానలు. ఒడ్డున నిలబడితే ఏమీ కనబడదు, మాస్కూ స్నార్కెలూ ఉండాలి. గాలి లేస్తే నీళ్ళు కదిలిపోతాయి, పొద్దున్నే దిగాలి. నోట్లో గొట్టం ఉంటే ఎవరూ మాట్లాడలేరు కాబట్టి, ఈ యాత్రలో పేచీ లేని అరగంట అదొక్కటే.