పాడినవాడికి రేడియో పైసా ఇవ్వదు

"పాట రాసింది రాబీ రాబర్ట్‌సన్, వాయించింది లెవాన్ హెల్మ్. రాసినవాడికి డబ్బు వచ్చింది. ఇందులో అన్యాయం ఏముంది?" అమెరికా రాక్ సంగీతంలో పేరున్న 'ది బ్యాండ్' అనే బృందం ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. అందులో రాబర్ట్‌సన్ గిటారు వాయించేవాడు, లెవాన్ డ్రమ్ములు వాయిస్తూ పాడేవాడు. అనడం తేలికే. ఆ పాటలు శ్రద్ధగా విన్నవాళ్లకు మాత్రం ఇది అంత తేలికగా మింగుడుపడదు.

లెవాన్ 1940లో ఆర్కన్సా రాష్ట్రంలో పుట్టాడు. పత్తి రైతుల బిడ్డ. పెరిగింది టర్కీ స్క్రాచ్ అనే పల్లెలో (నవ్వకండి, ఊరి పేరు నిజంగా అదే). రేడియోలో కంట్రీ పాటలు (అమెరికా పల్లె సంగీతం) వింటూ, ఊరికి వచ్చే గుడారాల ప్రదర్శనలు చూస్తూ పెద్దవాడయ్యాడు. హైస్కూలు అయ్యాక రాక్ గాయకుడు రానీ హాకిన్స్ బృందంతో కెనడా వెళ్లాడు. తర్వాత 'ది బ్యాండ్'గా మారిన అయిదుగురిలో మిగతా నలుగురూ కెనడావాళ్లే. అమెరికా దక్షిణాదిని పుట్టిపెరిగి ఎరిగినవాడు ఇతనొక్కడే.

ఇప్పుడు 1968 నాటి 'ది వెయిట్' పాట తీసుకోండి. మొదట్లో వచ్చే నజరెత్ అనే ఊరి పేరు రాబర్ట్‌సన్‌కు తన మార్టిన్ గిటారు లోపల కనిపించింది. ఆ గిటార్లు తయారయ్యేది పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో. అదే పాటలో వచ్చే ఒక అమ్మాయి మాత్రం లెవాన్ చిన్ననాటి స్నేహితురాలు. ఊరు గిటారులోంచి వచ్చింది, మనిషి టర్కీ స్క్రాచ్ నుంచి వచ్చింది. రచయితగా ఉన్నది ఒక్క రాబర్ట్‌సన్ పేరే. మరుసటి ఏడాది వచ్చిన అమెరికా అంతర్యుద్ధం పాట 'ది నైట్ దే డ్రోవ్ ఓల్డ్ డిక్సీ డౌన్' సంగతీ అంతే. దక్షిణాది చరిత్ర తెలియడానికి రాబర్ట్‌సన్‌ను తానే లైబ్రరీకి తీసుకెళ్లానని లెవాన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

రాబర్ట్‌సన్‌ను నేను దొంగ అనడం లేదు. కలం పట్టుకుని కూర్చున్నది అతనే, ఆ శ్రమ చిన్నది కాదు. నా కోపమంతా డబ్బు లెక్క మీద. అమెరికాలో ఎఫ్‌ఎం రేడియో ఒక పాట వేస్తే రచయితకూ, ప్రచురణ సంస్థకూ డబ్బు వెళ్తుంది. పాడినవాడికీ, వాయించినవాడికీ దమ్మిడీ రాదు. ఉపగ్రహ రేడియో, ఇంటర్నెట్ రేడియో ఇవ్వాల్సిందే గానీ మామూలు రేడియో ఇవ్వనక్కర్లేదట! చట్టమే అలా ఏడిసింది. దాన్ని మార్చడానికి అమెరికా కాంగ్రెస్‌లో బిల్లులు రాకపోలేదు. పాటకు మేమే కదా ప్రచారం చేస్తున్నది అంటూ రేడియో యజమానులు అడ్డం పడుతూనే ఉన్నారు. ప్రచారంతో ఆసుపత్రి బిల్లు తీరుతుందా?

ఇక వాయించడం అంటే ఏమిటో తెలియాలంటే 1976 నవంబరు 25న శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన వాళ్ల వీడ్కోలు కచేరీని 'ది లాస్ట్ వాల్ట్జ్' సినిమాలో చూడండి. లెవాన్ తల ఒక పక్కకు తిప్పి, మెడ నరాలు ఉబ్బేలా మైకులోకి పాడుతుంటాడు. కర్ర దెబ్బ పడాల్సిన చోటే పడుతుంది, మాట మాత్రం దాని వెనక కాస్త తీరిగ్గా వస్తుంది. పాటకు ఆ బరువు వచ్చింది ఆ సందులోంచే. దాన్ని ఏ కాగితం మీద రాస్తారు? ఏ ఒప్పందంలో లెక్క కడతారు? 'రాగ్ మామా రాగ్' పాటలోనైతే డ్రమ్ములు రిచర్డ్ మాన్యుయెల్‌కు వదిలేసి తాను మాండొలిన్ అందుకున్నాడు. పాటకు ఏది కావాలో చూసుకునే మనిషి ఒట్టి కూలివాడు ఎలా అవుతాడు?

1998లో లెవాన్‌కు గొంతు క్యాన్సర్ అని తేలింది. రేడియేషన్‌తో ప్రాణం నిలిచింది గానీ గొంతు పోయింది. అప్పులు మీద పడ్డాయి, ఇల్లు చేజారే పరిస్థితి. 2004 నుంచి వుడ్‌స్టాక్‌లోని తన ఇంటి ఆవరణలో ఉన్న కొట్టంలోనే టిక్కెట్టు పెట్టి కచేరీలు మొదలుపెట్టాడు. గొంతు మెల్లగా తిరిగి వచ్చింది, గరుకుగా. అమ్మానాన్నల దగ్గర నేర్చుకున్న పాటలతో 2007లో 'డర్ట్ ఫార్మర్' ఆల్బమ్ చేస్తే గ్రామీ అవార్డు వచ్చింది. తర్వాత మరో రెండు వచ్చాయి. మూడోది నాష్‌విల్‌లోని రైమన్ ఆడిటోరియంలో చేసిన కచేరీకి. కంట్రీ సంగీతానికి గుడి లాంటి గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే రేడియో కచేరీ 1974 వరకు అక్కడే జరిగేది, అందులో ఏళ్ల తరబడి డ్రమ్ములను దగ్గరికి రానివ్వలేదు. ఆ వేదిక మీదే ఈ డ్రమ్మర్ దర్జాగా కూర్చుని పాడాడు. ఆ మూడో గ్రామీ వచ్చిన రెండు నెలలకే, 2012 ఏప్రిల్‌లో పోయాడు.

అతని మొండితనం అంతా నాకు నచ్చుతుందని కాదు. 1994లో, రాక్ సంగీతకారులను సత్కరించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు 'ది బ్యాండ్'ను పిలిస్తే అలిగి వెళ్లలేదు. వెళ్లి, ఆ వేదిక మీదే కడిగేసి రావాల్సింది.

అయిదుగురూ కలిసి చేసిన పాటను వాటాలు వేయడం ఆచరణలో కుదరదని మాత్రం నాతో చెప్పకండి. జార్జియా రాష్ట్రంలో పుట్టిన ఆర్.ఈ.ఎం. అనే రాక్ బృందం మాట ఎవరు రాసినా, బాణీ ఎవరికి తట్టినా, రచయితలుగా నలుగురి పేర్లూ వేసింది. ఆ నలుగురిలో డ్రమ్మర్ బిల్ బెర్రీ కూడా ఉన్నాడు. అతను 1997లో బృందం నుంచి తప్పుకున్నాడు. డబ్బు దగ్గర గొడవపడి కాదు, పొలం చూసుకోవడానికి.